అడుగాకు

మొన్న రాత్రి కురిసిన వానకు మా పెరట్లో తోటకూర మడి తలంటు పోసుకున్నట్టు నిగనిగలాడుతోంది. పైనుంచి చూస్తే ఒక్క మచ్చ లేదు. గట్టు మీద కూర్చుని ఒక మొక్కను పక్కకు వంచి, కింది ఆకు తిరగేసి చూశాను. వెనకవైపు ఈనెల వెంబడి ఎర్రమట్టి రేణువులు అంటుకుని ఉన్నాయి. చినుకు నేలను కొట్టినప్పుడు ఎగిరిన మట్టి అది. జానెడు ఎత్తు వరకు ప్రతి ఆకు వెనకా కనిపించింది. ఆ పైన లేదు.

మా అమ్మ తోటకూర ఒలిచేటప్పుడు ముందు అడుగాకులు తుంచి పారేసేది. "నేలనంటిన ఆకు కూరకెందుకురా" అనేది. ఇసుక పంటికింద పడుతుందని ఆవిడ భయం అనుకునేవాణ్ణి. ఆ మాటలో ఇసుక కన్నా పెద్ద సంగతి ఉందని నాకు తెలిసింది మొన్నమొన్ననే.

కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే స్నేహితుడొకాయన ఉన్నాడు. మా మడిలోంచి రెండు ఆకులు తీసుకెళ్ళి ఇచ్చాను, ఒకటి చిటారుది, ఒకటి అడుగుది. రెండింటినీ సూక్ష్మజీవులు పెంచే అగార్ పళ్ళేల మీద అద్ది, తీసేసి, మూతపెట్టాడు. నాలుగైదు రోజుల తరువాత రమ్మన్నాడు. వెళ్ళి చూస్తే చిటారాకు పళ్ళెంలో ఆకు బొమ్మ కనిపిస్తోంది. అంచులు, ఈనెలు, అన్నీ చుక్కలతో ముగ్గేసినట్టు. కొన్ని పసుపు చుక్కలు, కొన్ని లేత గులాబీవి. అడుగాకు పళ్ళెంలో బొమ్మే లేదు. చుక్కలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి బూడిదరంగు జిగురు పొరగా పరుచుకున్నాయి.

"ఆ గులాబీవి ఆకు సొంత కాపురస్థులు" అన్నాడాయన. మిథైలోబాక్టీరియం అంటారట. ఆకు పెరిగేటప్పుడు పత్రరంధ్రాల్లోంచి కాస్తంత మిథనాల్ బయటికి వస్తుంది, దాన్ని తిని బతుకుతాయి. వాటితో మనకు హాని లేదు. చదరపు సెంటీమీటరు ఆకు మీద పది లక్షల నుంచి కోటి దాకా బాక్టీరియా ఉండటం మామూలేనని అప్పుడే విన్నాను. అంటే నా చిటికెన వేలి గోరంత మేర. వాటిలో చాలా భాగం ఆకుతోపాటే పుట్టి, ఆకుతోపాటే పోయేవి. మనకు జబ్బు తెచ్చేవి ఆకు మీద పుట్టవు. పశువుల పేగుల్లోంచి, మనుషుల పేగుల్లోంచి పేడగానో మురుగుగానో నేలకు చేరి, అక్కడినుంచి ఆకెక్కుతాయి.

ఎక్కాక అవి బతకాలా, చావాలా అన్నది పెంచేవాడి చేతిలో చాలా వరకు ఉంది. నేను ఈ కాలమ్ రాస్తున్నది ఆ మాట చెప్పడానికే.

ఎండలో ఆకు పైభాగం ఆ జీవులకు ఎడారి. నీరుండదు, తిండి తక్కువ, అతినీలలోహిత కిరణాలు నేరుగా తగులుతాయి. బయటినుంచి వచ్చినవి ఒకటి రెండు రోజుల్లో చాలా వరకు నశిస్తాయి. ఆకు తడిగా ఉంటే సంగతి మారిపోతుంది. నీటి పొరలో అవి కదులుతాయి, ఈనెల పక్క పల్లాల్లోకి, నూగు మొదళ్ళలోకి, పత్రరంధ్రాల్లోకి చేరి గుంపులు కడతాయి, చుట్టూ జిగురు అల్లుకుంటాయి. అలా దాక్కున్న వాటిని ఆ తరువాత ఎన్ని నీళ్ళు పోసినా వదిలించలేం.

నేను ఏళ్ళ తరబడి సాయంత్రం పూట పైపు పెట్టి మడి మొత్తం తడిపేవాణ్ణి. ఎండ తగ్గాక పోస్తే నీళ్ళు ఆవిరి కావని, మొక్కకు చల్లగా ఉంటుందని. అమ్మ కూడా అలాగే పోసేది. ఆ తడి తెల్లారేదాకా ఆకు మీదే ఉండేది. అంటే పది పన్నెండు గంటలు. పైగా మొక్కలు ఒత్తుగా పెంచాను, గాలి దూరేది కాదు. తడి, చీకటి, ఉక్క: మూడూ నేనే సమకూర్చాను. ఇప్పుడు పొద్దున్నే, మొక్కల మొదళ్ళలోనే పోస్తున్నాను. విత్తనం పలచగా చల్లుతున్నాను. వరుసల మధ్య ఎండుగడ్డి పరిచాను. చినుకు గడ్డి మీద పడితే చప్పుడు తప్ప మట్టి ఎగరదు.

ఘనాలోని కుమాసీలో మురికినీటితో ఆకుకూరలు పండించే రైతుల దగ్గర పరిశోధకులు దాదాపు ఇదే గమనించారు. నీళ్ళ క్యాను మూతికి జల్లెడ పెట్టి, మోకాలి ఎత్తులోంచి పోస్తే ఆకులకు అంటే మాలిన్యం బాగా తగ్గింది. నీళ్ళు అవే, చెయ్యి అదే, మారింది పోసే తీరే.

ఎరువు దగ్గర లెక్క ఇంకా కష్టం. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల ప్రకారం, మట్టి తగిలే పంట అయితే పచ్చిపేడ వేసిన 120 రోజుల తరువాతే కోయాలి. మన తోటకూర నెల తిరక్కుండా కోతకొస్తుంది. పాలకూర దాదాపు అంతే. అంటే ఈ పంటకు పచ్చిపేడ వేసే వీలే లేదు, ముందు పంటకో అంతకుముందు పంటకో వేసి ఉండాలి, లేదా కుప్పలో వేడెక్కి బాగా చివికిన ఎరువే వెయ్యాలి. జీవామృతం మీద నాకు గౌరవముంది, నా మడికి నేనూ పోస్తాను. అందులో బెల్లం, పప్పుపిండి కలిపేదే సూక్ష్మజీవులు పెరగాలని. పేడలో ఉన్నవాటిలో ఏవి పెరగాలో మనం ఏరలేం. అందుకే దాన్ని నేలకే పోస్తాను, కోతకొచ్చే ఆకు మీద చల్లను.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 2006లో కాలిఫోర్నియా పాలకూర చూపింది. సంచుల్లో అమ్మిన పచ్చి పాలకూర తిని అమెరికా అంతటా సుమారు 200 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. కారణం ఈకోలై ఓ157 అనే రకం బాక్టీరియా. పొలం చుట్టుపక్కల పశువుల పేడలో, అడవిపందుల పెంటలో, వాగు నీటిలో అదే బాక్టీరియా దొరికింది. ఆ ఆకు ఫ్యాక్టరీలో శుభ్రంగా కడిగి సంచిలో వేసినదే.

మనం ఆకుకూర వండుకు తింటాం కాబట్టి చాలా వరకు బయటపడుతున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే 2006లో మురుగునీటి సాగు మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం నీళ్ళలో కడిగితే పది క్రిముల్లో తొమ్మిది పోతాయి. వండితే పది లక్షల్లో ఒకటి మిగిలితే ఎక్కువ. కోతకు ముందు తడి ఆపేస్తే, ఎండను బట్టి రోజుకు మూడింట రెండొంతుల నుంచి నూటికి తొంభైతొమ్మిది దాకా చస్తాయి. ఈ చివరి లెక్క చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. రెండు మూడు రోజులు మంచి ఎండ కాస్తే, నీళ్ళు పొయ్యకుండా ఊరుకోవడమే మన సింకులో కడగడం కన్నా ఎక్కువ పనిచేస్తుందన్నమాట. ఉప్పు, పసుపు వేసిన నీళ్ళ మీద మనకున్న నమ్మకానికి అంత బలమైన ఆధారం లేదు. వంటకు చేరని కొత్తిమీర, పుదీనా సంగతి మరీ ఆలోచించాలి. చాట్ మీద చల్లేది, పెరుగులో కలిపేది పచ్చి ఆకే.

హైదరాబాద్ దాటాక, పీర్జాదిగూడ మొదలు కిందికి, మూసీ నీటితో గడ్డి, వరి, ఆకుకూరలు పండించే రైతులున్నారు. ఎండాకాలంలోనూ ఆగని నీరు వాళ్ళకు అదే. దాన్ని మురికి చేసింది నగరం, అంటే మేము. ఆ రైతును నిందించి కట్ట పక్కన పెట్టేయడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. నీళ్ళు మార్చలేని రైతుకు కనీసం కోతకు ముందు రెండు రోజులు ఆరబెట్టే వీలు ఇవ్వగలమా అంటే, అదీ ఇవ్వడం లేదు. ఆరబెడితే ఆకు వాడుతుంది, తూకం తగ్గుతుంది, మనం కొనం.

నిన్న రైతుబజారులో మేం ఎప్పుడూ కొనే ఆమె దగ్గర నిలబడ్డాను. బకెట్లో చెయ్యి ముంచి కట్టల మీద నీళ్ళు చిలకరిస్తోంది. తడిగోనె కింద ఇంకొన్ని కట్టలు.

"ఆ నీళ్ళు ఎక్కడివమ్మా?" అని అడిగాను.

"ఆ కుళాయివే సార్. అది రాకపోతే పొద్దున తెచ్చుకున్నవి."

"చల్లకుండా అమ్మకూడదూ?"

"పది గంటలకు తల వాల్చేస్తయ్ సార్. వాడిన కట్ట మీరు కొంటరా?"

నేను కొంటానన్నాను. నా మొహంలోకి ఒకసారి చూసి, బుట్ట వెనక పక్కన పడేసిన కట్టలు రెండు తీసి ముందు పెట్టింది. తెల్లారుజామున కోసినవే, తడి తగలనివి. ఆకులు మెత్తబడ్డాయి కానీ రంగు పోలేదు. ఒకటి తిరగేసి చూశాను. వెనకవైపు పొడిగా, నూగుగా ఉంది. అడుగాకులు ఆమె ముందే తుంచేసింది.