లాక్లీ ‘షియర్‌వాటర్స్’ - గ్రంథ విమర్శ

వేల్స్ తీరంలోని స్కోక్‌హోమ్ దీవిలో మాంక్స్ షియర్‌వాటర్ అనే సముద్రపక్షి నేలబొరియలో ఏడాదికి ఒకే గ్రుడ్డు పెడుతుంది. గూటికి చేరేది చీకటి పడ్డాకనే. కనుక పక్షులను లెక్కించినంత మాత్రాన పిల్లలెన్ని దక్కాయో తెలియదు. ఆర్. ఎం. లాక్లీ బొరియలపై మూతలు అమర్చి, పక్షుల కాళ్ళకు కడియాలు తొడిగి, గూటిగూటి చరిత్రనూ వ్రాసి ఉంచారు. ఆడా మగా వంతులవారీగా సుమారు 51 రోజులు పొదుగుతాయని తేల్చారు. 1942లో వెలువడిన ఈ గ్రంథానికి ఆ ఓర్పే ప్రాణం.

అయితే కొద్ది గూళ్ళ వృత్తాంతం దీవి అంతటికీ వర్తిస్తుందనలేము. ఇదే గ్రంథానికి పరిమితి. దీర్ఘాయువు గల పక్షులలో పిల్లలు దక్కకున్నా పెద్దవాటి సంఖ్య ఏండ్ల తరబడి తగ్గనట్లే కనబడుతుంది. ముప్పును ముందుగా తెలిపేది గూటి లెక్కే. ఆ లెక్కకు బాట చూపినందున ఈ గ్రంథం నేటికీ చదువదగినది.