‘మీ హయాంలో జరగలేదా?’ అన్నది జవాబు కాదు

రాత్రి తొమ్మిదింటికి ఏ తెలుగు న్యూస్ ఛానల్ పెట్టినా కాసేపట్లో ఒక మాట వినపడుతుంది: ‘మీ హయాంలో జరగలేదా?’ ఇసుక అక్రమ రవాణా గురించి అడిగితే ఆ మాటే. ఉద్యోగ నోటిఫికేషన్ల గురించి అడిగినా ఆ మాటే. అడిగినవాడు తడబడతాడు, అన్నవాడు గెలిచినట్టు కుర్చీలో వెనక్కి వాలతాడు, ఈలోగా బ్రేక్ వస్తుంది. మన తర్కశాస్త్రం లెక్కలో మాత్రం అక్కడ ఓడిపోయింది ఆ మాట అన్నవాడే.

ఆ తర్కశాస్త్ర గ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాల చివరి అధ్యాయంలో నిగ్రహస్థానాల పట్టిక ఉంది. వాదంలో మనిషి ఏ పని చేస్తే ఓడినట్టో చెప్పే జాబితా అది. మొత్తం 22. అందులో ఒకదాని పేరు మతానుజ్ఞ. తన పక్షం మీద చూపించిన దోషాన్ని తొలగించకుండా, అదే దోషం నీ పక్షంలోనూ ఉందని ఎదుటివాడికి అంటగట్టడం మతానుజ్ఞ. ‘నువ్వు దొంగవి’ అన్నవాడితో ‘నువ్వూ దొంగవే’ అంటే, నేను దొంగను కాదని చెప్పినట్టు కాదు. ఆరోపణ ఎక్కడిదక్కడే ఉంది. పైగా ఒప్పుకున్నట్టయింది కూడా. న్యాయశాస్త్ర పండితులు దీన్ని ఎదురుదాడి అనుకోలేదు, ఒప్పుకోలు కింద లెక్కగట్టారు. రాజకీయ చర్చలు వినేటప్పుడు ఇంతకన్నా పనికొచ్చే సూత్రం నాకు కనపడలేదు.

అయితే దీన్ని గుడ్డిగా వాడకూడదు. పాత ప్రభుత్వంతో పోలిక ప్రతిసారీ తప్పు కాదు. ‘ఇద్దరిలో ఎవరికి ఓటెయ్యాలి?’ అన్నది ప్రశ్న అయితే ఇద్దరి రికార్డూ తియ్యాల్సిందే. అక్కడ ‘మీ హయాంలో’ అన్నది సాక్ష్యం. ‘ఈ పని జరిగిందా లేదా? తప్పా కాదా?’ అన్నది ప్రశ్న అయితే మాత్రం పాత ప్రభుత్వం ఏం చేసిందన్నది సంబంధం లేని విషయం. మాట ఒకటే, ప్రశ్న మారింది. ఎన్నికల ముందు రోజుల్లో ఈ రెండు ప్రశ్నల్నీ కావాలనే కలిపేస్తారు. వినేవాళ్లం మనం విడదీసుకోవాలి.

మతానుజ్ఞ కంటే పట్టుకోవడం కష్టమైనది ఛలం, అంటే ఎదుటివాడి మాటకు వేరే అర్థం తీసి ఖండించడం. కొత్త కంబళి కప్పుకున్నవాడన్న అర్థంలో ఒకరు ‘నవకంబలుడు’ అంటే, ‘నవ’ను తొమ్మిదిగా తీసుకుని ‘తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి?’ అని ఇంకొకరు గద్దించడం దీనికి శాస్త్రంలో చెప్పే ఉదాహరణ. పిల్లల పేచీలా ఉంటుంది కానీ, కోట్ల రూపాయల లెక్కల్లోనూ జరిగేది ఇదే. తెలంగాణ అప్పుల మీద 2023 డిసెంబరులో జరిగిన వాదన చూడండి. కొత్త ప్రభుత్వం అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టి మొత్తం అప్పు 6,71,757 కోట్లని చెప్పింది. అధికారం కోల్పోయిన బీఆర్ఎస్ ‘స్వేదపత్రం’ పేరుతో సొంత పత్రం విడుదల చేసి ఆ అంకెను ఒప్పుకోలేదు. ఎవరిది అబద్ధం? రెండు వైపులా ‘అప్పు’ అన్న మాటకు అర్థం వేరు. శ్వేతపత్రంలోనే విడివిడి లెక్క ఉంది: ద్రవ్య బాధ్యత చట్టం కింద తెచ్చిన రుణాలు 3,89,673 కోట్లు, ప్రభుత్వ గ్యారంటీతో కార్పొరేషన్లు తెచ్చి ఖజానా తీర్చాల్సినవి 1,27,208 కోట్లు, గ్యారంటీ ఉన్నా కార్పొరేషన్లే తీర్చుకోవాల్సినవి 95,462 కోట్లు, గ్యారంటీ లేనివి 59,414 కోట్లు. 2014-15లో 72,658 కోట్లున్న అప్పు 6,71,757 కోట్లయిందని వేదికల మీద చెప్పారు. మొదటి అంకె బడ్జెట్ అప్పు, రెండోది నాలుగు రకాలూ కలిపింది. అలా పక్కపక్కన పెట్టకూడదు. అలాగని కార్పొరేషన్ల అప్పు మనది కాదని తోసిపుచ్చడమూ చెల్లదు. ఖజానా కట్టే 1,27,208 కోట్లు జనం డబ్బు కాక మరెవరిది? ‘మీరు అప్పు అంటున్నది దేన్ని?’ అన్న ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఆ వారమంతా సాగిన రభసలో సగం ఉండేది కాదు.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెతను కూడా నాయకులు ఇష్టంగా వాడతారు. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలో కొండ మీది పొగను చూసి నిప్పును ఊహించడమే పాఠం. కానీ అక్కడ కనిపించింది పొగేనని ముందు తేలాలి. పొగమంచును చూసి నిప్పుందని తేల్చితే ఆ హేతువు అసిద్ధం, అంటే చూపిన కారణమే నిలవదు. వాట్సాప్‌లో తిరిగిన పుకారు పొగ కాదు. అది పొగో మంచో తేలేదాకా నిప్పు మాట ఎత్తకూడదు.

మళ్లీ నిగ్రహస్థానాల పట్టికకు వస్తే, నేను రోజూ సాధన చేసేది అందులోని అననుభాషణానికి విరుగుడు. వాది మూడుసార్లు చెప్పినా, సభకు అర్థమైనా, ప్రతివాది ఆ మాటను తిరిగి చెప్పలేకపోతే ఓడినట్టే. అందుకే జవాబిచ్చే ముందు ఎదుటి మాటను నా నోటితో చెప్పి ‘ఇదేనా?’ అని అడుగుతాను. మా బాబాయి ఉచిత బస్సు పథకాన్ని తిట్టినప్పుడు, ఆడవాళ్లకు మేలు జరగడం ఆయనకు ఇష్టం లేదని అనేయడం తేలిక. దాని బదులు అడిగాను: ‘‘బాబాయ్, ఆడవాళ్లకు ఉచితం వద్దంటున్నావా, ముందు బస్సులు పెంచాలంటున్నావా?’’ ‘‘బస్సులు పెంచకుండా ఉచితమంటే చివరికి నిలబడి వెళ్లేది ఆ ఆడవాళ్లేరా. అదీ నా బాధ’’ అన్నాడు. అప్పటిదాకా పథకం మీదున్న గొడవ, డిపోకి ఎన్ని బస్సులున్నాయన్న మాట దగ్గరికి వచ్చింది. దానికి లెక్క ఉంటుంది, తేల్చుకోవచ్చు. ఆయన లేని అభిప్రాయాన్ని కొట్టి గెలిచుంటే నాకు తెలిసేది శూన్యం.

22లో ఇంకొకటి చెప్పాలి: పర్యనుయోజ్యోపేక్షణం. ఎదుటివాడు నిగ్రహస్థానంలో పడినా ఎత్తి చూపకుండా వదిలేసినవాడు కూడా ఓడినట్టే. ఈ నియమం యాంకర్లకు చేరాలి. రోజూ తప్పించుకునే జవాబులు విని ఊరుకునే మనకు కూడా చేరాలి. ఈసారి మీకు నచ్చిన పార్టీ నాయకుడు ‘మీ హయాంలో జరగలేదా?’ అన్నప్పుడు మీరే అడగండి: ‘‘సరేనండీ, వాళ్ల సంగతి తర్వాత. ఇది జరిగిందా, లేదా?’’