జోఆన్ కత్తిరించుకున్న పేరు
సి.ఇ. మర్ఫీ 2005 నవల ‘అర్బన్ షామన్’ చదువుతూ నేను హత్యలకన్నా పేరు దగ్గరే ఎక్కువసేపు ఆగాను. సియాటిల్ పోలీసు శాఖలో మెకానిక్‌గా చేసిన జోఆన్ వాకర్ అసలు ఇంటిపేరు వాకింగ్‌స్టిక్. చెరోకీ తండ్రిచ్చిన ఆ పేరును తానే కత్తిరించుకుంది. ఐరిష్ తల్లి పసితనంలోనే వదిలేసింది. గాయాలు మాన్పేటప్పుడు ఆమెకు కార్ల రిపేరే గుర్తొస్తుంది. చేతిపని తెలిసిన ఆడదాని జ్ఞానం! అది నాకెంతో నచ్చింది. అయితే ‘షామన్’ చెరోకీల మాట కాదు, సైబీరియా తెగలది. శక్తికీ పరాయి పేరే. మా ఊళ్లో సోది చెప్పే ఎరుకలామెను మూఢనమ్మకమని తోసేసిన నేను, ఈ అమెరికన్ మెకానిక్‌ను మొదటి పేజీల్లోనే ఎలా నమ్మేశాను?