మోనే ‘బులెవార్ దె కాపుసీన్’: ముఖాలు లేని జనం

క్లోద్ మోనే 1873-74లో ఈ పారిస్ వీధిని పైఅంతస్తు నుంచి చూసి చిత్రించాడు. అతడు నిలబడింది ఫొటోగ్రాఫర్ నాదార్ స్టూడియో ఉండిన భవనంలో. 1874లో ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శన జరిగిందీ అక్కడే. కింద కనిపించే నల్లని గీతలు మనుషులేనా అని విమర్శకుడు లూయీ లెరువా పత్రికలో ఎగతాళి చేశాడు.

మనుషులే. అంత ఎత్తు నుంచి, కదిలే గుంపులో, ఎవరి కనుముక్కు తీరూ తెలియదు. ముఖాలు దిద్ది ఉంటే మోనే కంటికి కనిపించింది కాక, మనసుకు తెలిసింది గీసినట్లయ్యేది. అచ్చుబొమ్మను చేయి చాపినంత దూరంలో ఉంచి చూడండి, గీతలు నడుస్తాయి.

అయితే కాన్సస్ సిటీ మ్యూజియంలోని ప్రతిలో కుడి అంచున, బాల్కనీలో పొడవాటి టోపీల పెద్దమనుషులు ఉన్నారు. వీధిని మనలాగే పైనుంచి చూస్తున్న వీరిని విడిగా గుర్తుపట్టగలం. లెరువా అడగవలసిన ప్రశ్న ఇక్కడుంది: చూసేవారికి దక్కిన ఆకారం నడిచేవారికి ఎందుకు దక్కలేదు? కింద గులాబీరంగు బెలూన్లు స్పష్టంగా ఉన్నాయి, అమ్మే మనిషి మాత్రం గుంపులో కలిసిపోయాడు.