పద్యం పక్కన పెట్టె

'పుష్పవిలాపం' రాసిందెవరని అడిగితే ఘంటసాల అని చెప్పేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్లను తప్పుపట్టలేం, ఆ గొంతు ఆ పద్యాలను అంతగా తనవి చేసుకుంది. రాసింది కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి, ఉన్నది 'ఉదయశ్రీ'లో. ఈ రెండు ముక్కలూ ఎక్కడో ఒకచోట, ఎవరు వెతికినా దొరికేలా రాసి ఉండాలి. తెలుగు వికీపీడియాలో అందుకోసమే ఒక చోటుంది. వ్యాసానికి పక్కనుండే ఆ గళ్ల పట్టికను సమాచారపెట్టె అంటారు. కవి, రచనాకాలం, ఛందస్సు, తొలి ముద్రణ, సంపుటి. నా తీరిక వేళలు చాలావరకు ఆ గళ్లు నింపడానికే పోతున్నాయి. అంత ఇష్టంగా చేసే పని నాకు మరొకటి లేదు.

ముఖ్యంగా ఛందస్సు గడి. పుష్పవిలాపం మొదటి పద్యం మొదటి పాదం కాగితం మీద రాసుకుని గురులఘువులు గుర్తిస్తాను. ద్విత్వానికి ముందున్న అక్షరం గురువవుతుంది కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. విడదీస్తే భ, ర, న, భ, భ, ర, వ. ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. ఉత్పలమాల. అంతటితో గడి నింపేసి లేవకూడదు. ముందుకు చదివితే ఒకచోట నడక మారుతుంది, పాదం పొట్టిదవుతుంది. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. తేటగీతి. అందుకే ఆ గడిలో ఒక్క పేరు రాస్తే చాలదు. ఘంటసాల పాటగా వందసార్లు విన్నవాళ్లకు కూడా, తాము వింటున్నది వృత్తాలూ జాతులూ ఉపజాతులూ ఉన్న మన పాత ఛందస్సేనని ఆ ఒక్క గడి చెబుతుంది.

గురజాడ దగ్గరికి వస్తే వ్యవహారం ఇంకా రసవత్తరం. 'ముత్యాల సరాలు' ఒక కవిత పేరు, ఆయన పాటల సంపుటికీ అదే పేరు, ఆ కవిత కోసం ఆయన కట్టిన మాత్రాఛందస్సుకూ అదే పేరు. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రల నడక అది. వికీలో ఇలాంటి చిక్కు తీర్చడానికి అయోమయ నివృత్తి పేజీ అని వేరే ఉంటుంది. ఇక కాలం సంగతి. ఆ కవితలో తోకచుక్క ప్రస్తావన ఉంది, హేలీ తోకచుక్క కనిపించింది 1910లో, కవిత అచ్చయిందీ ఆ ఏడాదే. కవితే తన తేదీకి సాక్ష్యం చెప్పుకుంటోంది. అన్ని కవితలకూ ఆ అదృష్టం ఉండదు.

పాత పుస్తకాల్లో చాలావాటికి సంవత్సరం పేరే తప్ప అంకె ఉండదు. 'సాధారణ' అని ఉందనుకోండి. అది 1850లో వచ్చింది, 1910లో వచ్చింది, 1970లోనూ వచ్చింది. కవి జీవితకాలం చూసుకుని ఏ సాధారణో తేల్చాలి. తేల్చాక కూడా ఉగాదికి మొదలై మరుసటి ఉగాది దాకా సాగే ఏడాదిని 1910-11 అనే రాయాలి. నెల తెలియకుండా ఒక్క అంకె వేసేయడం నాకు ఒప్పదు.

రాసిన కాలం, అచ్చయిన కాలం ఒకే గడిలో కలిపేస్తే ఎంత నష్టమో 'మహాప్రస్థానం' చూస్తే తెలుస్తుంది. పుస్తకం వచ్చింది 1950లో. అందులోని గేయాలు ప్రధానంగా 1930ల నాటివి. దానికి చలం రాసిన ముందుమాట 'యోగ్యతాపత్రం' 1940 నాటిది. 1950 అన్న ఒక్క అంకె వేసి ఊరుకుంటే, పరాయి పాలనలో, ఆర్థికమాంద్యపు రోజుల్లో పుట్టిన కవిత్వం స్వతంత్ర భారతంలో పుట్టినట్టవుతుంది. పాఠకుడు ఆ గేయాలను చదివే తీరే మారిపోతుంది.

ఈ పెట్టెల మూస ఇంగ్లీషు కవితలను దృష్టిలో పెట్టుకుని తయారైంది. అందులో అంత్యప్రాసకు గడి ఉంది, పంక్తుల సంఖ్యకు గడి ఉంది. మనకు కావలసినవి వేరు. కృతిపతి గడి లేకుండా 'మనుచరిత్ర' గురించి ఏం చెబుతాం? శతకానికి మకుటం గడి ఉండొద్దూ? యతిప్రాసలు ఎక్కడ రాయాలి? ఈ మాటలు వికీ రచ్చబండలో పెట్టి నలుగురితో చర్చించి మూసను మనకు తగ్గట్టు మార్చుకోవచ్చు, మార్చుకోవాలి.

కవి పేరు గడి అన్నిటికన్నా కష్టం. సుమతీ శతకానికి బద్దెన అని రాస్తాం, పక్కన 'ఆపాదితం' అన్న మాట తప్పక ఉండాలి. శ్రీనాథుడి పేరిట తిరిగే చాటువులకూ అంతే. వేమన పద్యాలను సేకరించి బ్రౌన్ 1829లో అచ్చు వేయించాడు. అందులో ఉన్నది ఏది, తర్వాతెప్పుడో వచ్చి చేరింది ఏది అన్న వివరం పద్యం పద్యానికీ నమోదు కావాలి. ఇది ఏళ్ల తరబడి సాగే పని. చేయదగ్గ పని.

వివరాలెందుకు, పద్యాలే వికీలో పెట్టేస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయనవి మూలరచనలు ఉంచే వికీసోర్స్‌లో పెట్టవచ్చు. కరుణశ్రీ 1992లో పోయారు. మన చట్టం ప్రకారం కవి మరణం తర్వాత అరవై ఏళ్లు కాపీహక్కు ఉంటుంది గనుక, 2052 చివరిదాకా ఆయన పద్యాలు అనుమతి లేకుండా అక్కడ పెట్టకూడదు. వివరాలకు మాత్రం ఏ అడ్డూ లేదు. ఎప్పుడు రాశారు, ఏ పత్రికలో వచ్చింది, ఏ ఛందస్సు అన్నవి ఎవరైనా రాయవచ్చు. ఆధునిక కవిత్వం విషయంలో మనం ఇప్పుడు చేయగలిగిన సేవ ఇదే.

మీ ఇంట్లో తాతగారి నాటి భారతి సంచికలో, కృష్ణాపత్రిక బైండు పుస్తకాలో ఉంటే ఒకసారి తెరవండి. కవిత కనిపించిన చోట పత్రిక పేరు, నెల, సంవత్సరం, పుట సంఖ్య రాసుకోండి. ఆ కవిత గురించి వికీలో పేజీ ఉంటే మూలంతో సహా చేర్చండి. మార్చడానికి జంకితే చర్చాపేజీలో రాసి వదలండి, మాలో ఎవరో ఒకరు అందుకుంటారు.