ఊరిగాం కుర్రాళ్లకు ఉన్నది ఒక్క ఆదివారం

బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) బతుకు రైలెక్కింది. మారికుప్పం, ఛాంపియన్, ఊరిగాం, కోరమండల్ స్టేషన్లలో తెల్లవారకముందే ఎక్కి, వంద కిలోమీటర్ల అవతల బెంగళూరులో పనిచేసి, చీకటిపడ్డాక దిగేవాళ్లు వేలమంది. చాలామంది ఫోన్లలో లాగే ఇక్కడి కుర్రాళ్ల ఫోన్లలోనూ బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆట ఉంటుంది. ఈ ఊళ్లో పోటీ పెట్టేవాళ్లు బహుమతి సొమ్ము కంటే ముందు ఆలోచించాల్సింది పోటీ పద్ధతి గురించి. ఉన్న ఒక్క సెలవునూ ఆటకిచ్చిన కుర్రాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడి ఇంటికెళ్తాడు? పద్ధతి మంచిదో కాదో నేను దీంతోనే తేలుస్తాను.

వాలీబాల్ నుంచి క్రికెట్ దాకా మన ఊళ్లకు అలవాటైంది నాకౌట్. 16 జట్లుంటే 15 మ్యాచ్‌లతో తేలిపోతుంది, నడిపేవాళ్లకు హాయి. కానీ 8 జట్లు ఒక్క మ్యాచ్‌తోనే ఇంటిదారి పడతాయి. నలుగురు నలుగురితో తలపడే టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్)లో ఆ ఒక్క మ్యాచ్ మహా అయితే పది నిమిషాలు. దానికోసం వారమంతా ఎదురుచూసిన పిల్లలకు అది అన్యాయం. పోనీ అందరినీ అందరితో ఆడిద్దామంటే 120 మ్యాచ్‌లవుతాయి.

ఈ రెండింటికీ నడిమి దారి స్విస్ పద్ధతి. 1895లో జ్యూరిచ్ చదరంగం పోటీలో మొదలైంది. 2017లో అట్లాంటాలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ వీడియో గేమ్ మేజర్ పోటీలోనూ వాడారు. ఇందులో ప్రతి రౌండులోనూ సమాన ఫలితాలున్న జట్లనే జత కలుపుతారు. ఒకటి గెలిచినవాళ్లకు ఒకటి గెలిచినవాళ్లే ఎదురు, ఓడినవాళ్లకు ఓడినవాళ్లే. గేమ్ పోటీల్లో వాడే రకంలో మూడు గెలిస్తే పై దశకు, మూడు ఓడితే బయటికి. 16 జట్లకు ఐదు రౌండ్లు, మొత్తం 33 మ్యాచ్‌లు. ఎంత బలహీనమైన జట్టుకైనా మూడు ఆటలు ఖాయం. మొదటి రౌండులోనే గట్టి జట్టు తగిలినా కోలుకునే వీలుంటుంది. ఒక రౌండు మ్యాచ్‌లన్నీ వేర్వేరు కస్టమ్ రూముల్లో ఒకేసారి నడుస్తాయి కనుక ఐదు రౌండ్లూ మధ్యాహ్నానికల్లా అయిపోతాయి. కష్టమంతా నడిపేవాళ్లదే. రౌండు ముగిసేదాకా తర్వాతి జతలు తెలియవు, ఒకసారి తలపడ్డవాళ్లను వీలైనంతవరకు మళ్లీ కలపకూడదు. లెక్క తెలిసిన మనిషొకరు కాగితం ముందు కూర్చోవాల్సిందే.

జట్లన్నీ ఒకేసారి దిగే ఎరాంగెల్ లాంటి పెద్ద మ్యాప్‌లో ఆడించాలంటే లెక్క వేరు. ఒక లాబీలో 16 స్క్వాడ్‌లు, 64 మంది. 24 స్క్వాడ్‌లు వస్తే ఎనిమిదేసి చొప్పున మూడు గ్రూపులు చేసి ఏ-బి, బి-సి, సి-ఏ అని తిప్పాలి. ఇలా రెండు చుట్లు తిప్పితే ఆరు మ్యాచ్‌లు, ప్రతి జట్టుకూ నాలుగు. మ్యాచ్‌కు అరగంట పైమాటే అయినా ఒక పూటలో పూర్తవుతుంది.

ఇక్కడ ఆట తీరును మార్చేది పాయింట్ల పట్టిక. ఒకప్పుడు మొదటి ఎనిమిది స్థానాలకు 15, 12, 10, 8, 6, 4, 2, 1 ఇచ్చేవారు. తర్వాత 10, 6, 5, 4, 3, 2, 1, 1 వాడుకలోకి వచ్చింది. రెండింట్లోనూ ఫినిష్‌కు, అంటే ప్రత్యర్థి ఆటగాణ్ని ఆటలోంచి తప్పించినందుకు, ఒక పాయింటు. రెండే ఫినిష్‌లతో గెలిచిన జట్టుకు పాత లెక్కలో 17. తొమ్మిది ఫినిష్‌లు చేసి నాలుగో స్థానంలో నిలిచిన జట్టుకూ 17. కొత్త లెక్కలో మొదటిదానికి 12, రెండోదానికి 13. దాక్కుని చివరిదాకా మిగలడం కంటే ఎదురెళ్లి పోరాడటానికి విలువ పెరిగింది. చూసేవాళ్లకూ ఇదే బాగుంటుంది, నా ఓటు దీనికే.

2024 జూన్‌లో హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగిన బీజీఐఎస్ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా సిరీస్) ఫైనల్స్‌లోనూ విజేతను ఒక్క మ్యాచ్ తేల్చలేదు. మూడు రోజుల పాయింట్లు కూడితే టీమ్ ఎక్స్‌స్పార్క్ నెగ్గింది. చిన్న ఊరి పోటీకి మూడు రోజులు కుదరవు, కానీ కూడిక సూత్రం కుదురుతుంది. పాయింట్లు సమమైతే ముందు ఏది చూస్తారో, విజయాలో ఫినిష్‌లో, మొదటి మ్యాచ్‌కు ముందే రాసి అందరికీ పంపాలి. ఆట అయ్యాక చెప్పిన నియమాన్ని ఓడినవాళ్లు ఎన్నటికీ నమ్మరు.

పేర్లు రాసుకునేటప్పుడు నలుగురితో ఆపకుండా ఐదో పేరూ తీసుకోవాలి. ఫ్యాక్టరీ షిఫ్టు మారినా, బెంగళూరులో ఆదివారం డ్యూటీ పడినా మిగిలిన ముగ్గురి సెలవు వృథా కాదు.