ఉమ్మడి ఫైళ్లకు ఒక చోటు

విజయవాడలో చిన్న ఆఫీసుల పని ఇప్పటికీ జేబుల్లోనే తిరుగుతోంది. గవర్నర్‌పేటలో డీటీపీ సెంటరు కావచ్చు, గాంధీనగర్‌లో పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియో కావచ్చు, ఏలూరు రోడ్డు మీద ఏడాదికి నాలుగు పుస్తకాలు వేసే ప్రచురణకర్త కావచ్చు, మధ్యాహ్నం దాటేసరికి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "పెన్‌డ్రైవ్ ఎవరి దగ్గరుంది?" దిద్దిన ప్రూఫు ఒక కంప్యూటర్లో, దిద్దనిది ఇంకోదాంట్లో ఉంటాయి. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'సార్ చూసిన ఫైనల్' అని మూడు ఫైళ్లు కనిపిస్తాయి. ప్రెస్సుకి వెళ్లింది వాటిలో ఏదో ఫారం అచ్చయి వచ్చాక గాని తెలియదు.

ఇలాంటి చోట్ల నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బా పెట్టించడం కొన్నేళ్లుగా నాకు ఇష్టమైన పని. నాస్ అంటారు దాన్ని. తెర, కీబోర్డు లేని చిన్న కంప్యూటర్ అది. లోపల రెండో నాలుగో హార్డ్ డిస్కులుంటాయి. ఒక కేబుల్ రౌటర్‌కి తగిలిస్తే ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటికీ అది ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది. సైనాలజీ, క్యూనాప్ లాంటి తైవాన్ కంపెనీలవి తయారుగా దొరుకుతాయి. మూలన పడేసిన పాత కంప్యూటర్ ఉంటే ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని అదే పని చేయించుకోవచ్చు.

కొనడం, బిగించడం ఒక పూట పని. ఎవరు చూడొచ్చు, ఎవరు దిద్దొచ్చు, ఎవరు చెరపొచ్చు, చెరిగిపోతే ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి అన్నవి తేల్చుకోవడమే అసలు పని. అది డబ్బా కొన్నరోజు మొదలై, అది నడిచినన్నాళ్లూ సాగుతుంది. చాలా ఆఫీసులు మొదటి సగం చేసి రెండోదాన్ని వదిలేస్తున్నాయి. నా బాధంతా అక్కడే.

పదిమందీ వాడుకునేలా ఒకచోట పెట్టడం ఈ ఊరికి కొత్త కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామ్మోహన్ గ్రంథాలయంలో జరిగిన సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాని వెనక నిలబడ్డ మనిషి అయ్యంకి వెంకటరమణయ్య. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా అందించే ఏర్పాటు చేశారు. పడవ ఎక్కించిన పుస్తకాలు మళ్లీ పడవలోకి రావాలంటే ఎవరు తీసుకెళ్లారో, ఎప్పుడు తెచ్చిచ్చారో రాసుకోవాలి. ఆ రిజిస్టరు చేసిన పనే నాస్‌లో పర్మిషన్లు చేస్తాయి. పుస్తకాన్ని ఒకరు తీసుకెళ్తే రెండోవాడికి దొరకదు. ఫైలు మాత్రం పదిమందికీ ఒకేసారి దొరుకుతుంది, పదిమందీ ఒకేసారి పాడూ చేయగలరు. అందుకే ఇక్కడ కట్టడి ఇంకా ఎక్కువ కావాలి.

పెళ్లి స్టూడియోనే తీసుకోండి. రెండు మూడు కెమెరాలు, ఒక డ్రోన్ తెచ్చి పోసిన ఫోటోలు, వీడియోలు ఒక్క పెళ్లికే వందల జీబీ అవుతాయి. వాటికి నాలుగు ఫోల్డర్లు చాలు. కార్డుల్లోంచి దింపిన ఒరిజినల్స్ ఒకదాంట్లో. అది దింపే మనిషి తప్ప ఎవరూ రాయకూడదు, మిగతావాళ్లు చూడటం వరకే. నడుస్తున్న పనులు రెండోదాంట్లో. అక్కడ డిజైనర్లందరికీ రాసే హక్కుండాలి. పార్టీకి అప్పగించేసిన ఆల్బమ్‌లు మూడోదాంట్లో పడ్డాక ఇక ఎవరి చేయీ తగలకూడదు. లెక్కలు, బిల్లులు నాలుగోదాంట్లో. అది లెక్కలు రాసేవాళ్లకీ యజమానికీ తప్ప కనిపించనే కూడదు. ప్రతి మనిషికీ విడిగా పేరు, పాస్‌వర్డ్ ఉండాలి. 'స్టూడియో' అని ఒకే పేరు పెట్టుకుని, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్‌కి అంటిస్తే ఎవరు ఏం చెరిపారో ఎప్పటికీ తేలదు. నింద మాత్రం ఆ వారం కొత్తగా చేరిన కుర్రాడి మీద పడుతుంది. విడి పేర్లుంటే ఆ కుర్రాడికే ముందు రక్షణ. పని మానేసి వెళ్లినవాళ్ల పేరు ఆ సాయంత్రమే ఆపేయాలి. మళ్లీ వస్తే మళ్లీ తెరవొచ్చు.

ఇదంతా పెళ్లిళ్ల సీజన్లో పెట్టుకోకండి. మూఢమో ఆషాఢమో చూసుకుంటే స్టూడియోలో చేతులు ఖాళీగా ఉంటాయి. పాత ఎక్స్‌టర్నల్ డిస్కుల్లోంచి ఫైళ్లు ఎక్కించడానికి రోజులు పడుతుంది.

వేగం సంగతి క్లుప్తంగా చెప్తాను. నిమిషాల్లో అయిపోవాల్సిన కాపీకి గంటలు పడుతుంటే డబ్బాని తిట్టేముందు కేబుల్ చూడండి. లోపల ఎనిమిది తీగలుండాలి. నాలుగే కలిపి బిగించేసిన కేబుళ్లు మన ఆఫీసుల్లో కొల్లలు. నాలుగు తీగలతో సెకనుకు పదకొండు, పన్నెండు ఎంబీలకు మించి పోదు. వంద జీబీల పెళ్లికి రెండు గంటలు దాటుతుంది. ఎనిమిదీ కలిసి, మధ్యలో గిగాబిట్ స్విచ్ ఉంటే అదే పావుగంటలో అయిపోతుంది. వైఫై మీద వీడియో ఎడిటింగ్ పెట్టుకోవద్దు. డబ్బాకి రౌటర్లోనే ఒక స్థిరమైన అడ్రసు ఇప్పించండి, లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ డ్రైవ్ కనిపించట్లేదని ఫోన్లు మొదలవుతాయి.

హార్డ్ డిస్కుల దగ్గర మాత్రం తొందర వద్దు. నాలుగు టీబీ డిస్కులు రెండు పెట్టి, ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ అచ్చంగా పడేలా పెట్టుకుంటే మీకు మిగిలేది నాలుగు టీబీయే. విండోస్‌లో అది 3.63 అని కనపడుతుంది, లెక్కగట్టే పద్ధతి వేరు కాబట్టి. అమ్మినవాళ్లను అనుమానించక్కర్లేదు. డిస్కుల్ని ఇలా జతకట్టే పద్ధతులకు రెయిడ్ అన్న పేరు 1988లో బర్క్‌లీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ రాసిన పరిశోధన పత్రంతో స్థిరపడింది. ఒక డిస్కు చచ్చిపోయినా పని ఆగకుండా ఉండటమే దాని ప్రయోజనం. చచ్చిన డిస్కు తీసి కొత్తది పెడితే రెండోదాంట్లోంచి అంతా మళ్లీ నింపుకుంటుంది. కొనేటప్పుడు ఒకటి అడగండి, డిస్కు సీఎంఆర్ రకమా, ఎస్ఎంఆర్ రకమా అని. రెండో రకంలో ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి పడేలా రాస్తారు. అందుకని ఇలా మళ్లీ నింపాల్సి వచ్చినప్పుడు అది బాగా నత్తనడక నడుస్తుంది. కొన్ని మోడళ్లలో ఈ రకాన్ని చెప్పకుండా అమ్ముతున్నారని 2020లో బయటపడి పెద్ద గొడవే అయింది.

రెండు డిస్కులున్నాయి కదా, ఇంక బ్యాకప్ ఎందుకు అని ప్రతిచోటా అడుగుతారు. ఒకదాంట్లో ఫైలు చెరిపితే అదే క్షణాన రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది. తప్పుగా దిద్దినా అంతే. దొంగ ఎత్తుకెళ్తే డబ్బాతో పాటు రెండూ పోతాయి. రెయిడ్ డిస్కు చావు నుంచి కాపాడుతుంది, మనిషి చేయి నుంచి కాపాడదు. మనిషి చేతికి మందు స్నాప్‌షాట్లు. రోజూ రాత్రి ఫోల్డర్ ఎలా ఉందో డబ్బా గుర్తు పెట్టుకుంటుంది, నెల రోజులవి ఉంచుకుంటే మంగళవారం పాడైన ఫైలు సోమవారం నాటి రూపంలో దొరుకుతుంది. మారిన భాగమే దాచుకుంటుంది కాబట్టి చోటు ఎక్కువ తినదు.

డబ్బా దాటి ఇంకో కాపీ ఉండాలి, అదీ వేరే కప్పు కింద. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అన్న సూత్రానికి ప్రచారం తెచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్. ఫోటో స్టూడియోల వాళ్లకి నేను ఈ సంగతి పనిగట్టుకుని చెప్తాను, మీ వృత్తివాడే చెప్పాడని. వేరే చోట అంటే ఏమిటో మన ఊరికి 2024 సెప్టెంబరు 1 చూపించింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో దిగింది, 2009 అక్టోబరు వరదను కూడా దాటేసింది. ఆ పేటల్లో గ్రౌండ్ ఫ్లోర్‌లో కంప్యూటర్లు పెట్టుకున్న ఏ ఆఫీసుకైనా బల్ల మీది డబ్బా, బీరువాలోని ఎక్స్‌టర్నల్ డిస్కు రెండూ ఒకే నీళ్లలో మునుగుతాయి. సింగ్‌నగర్ ఆఫీసు రెండో కాపీ పాయకాపురంలో ఉండటం వేరే చోట కాదు. బుడమేరు చేరని పేటలో, పై అంతస్తులో, నమ్మకమైన మనిషి ఇంట్లో ఉండాలి. ఫైబర్ లైను బాగుంటే అక్కడ ఇంకో చిన్న డబ్బా పెట్టి రాత్రిపూట దానంతటదే పంపించుకునేలా చేయొచ్చు. లేదంటే రెండు డిస్కులు పెట్టుకుని, వారానికోసారి ఒకటి తీసుకెళ్లి రెండోది తెచ్చుకోవడం. మనిషి మోసుకెళ్లే పద్ధతిని చిన్నచూపు చూడక్కర్లేదు, క్రమం తప్పకపోతే చాలు.

మన ఎండలు, మన కరెంటు కూడా లెక్కలోకి రావాలి. మే నెలలో ఊరు 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. స్లాబుకి దగ్గరగా అటక మీద గాని, తలుపులు మూసిన టీవీ బీరువాలో గాని డబ్బా పెట్టకండి. చుట్టూ గాలి ఆడాలి. ఇన్వర్టర్ ఉంది కదా అని యూపీఎస్ మానేయకండి. చాలా ఇన్వర్టర్లు మామూలు మోడ్‌లో కరెంటు మార్చుకునే ఆ చిన్న వ్యవధి ఫ్యానుకి తెలియదు, రాస్తున్న డిస్కుకి తెలుస్తుంది. చిన్న యూపీఎస్ పెట్టి, దాని యూఎస్‌బీ కేబుల్ డబ్బాకి తగిలిస్తే, బ్యాటరీ అయిపోయే ముందు డబ్బా తనంతట తానే పద్ధతిగా ఆగిపోతుంది. ఆ కేబుల్ అట్టపెట్టెలోనే ఉండిపోయిన యూపీఎస్‌లు చాలా చూశాను.

పుస్తకాల ఊళ్లో ఉంటూ ఫాంట్ల గురించి చెప్పకపోతే ఈ కాలమ్ రాసి ఉపయోగం లేదు. ఇక్కడి డీటీపీ సెంటర్లలో ఇరవై, పాతికేళ్లుగా కట్టిన పుస్తకాల్లో ఎక్కువ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉన్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి పెట్టినవి. ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే కనపడేది రోమన్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన పిచ్చి గీతలే. నాస్‌లో ఫైలు పదేళ్లు క్షేమంగా ఉండొచ్చు, రెండో ముద్రణ నాటికి దాన్ని తెరిచే దారి లేకపోతే ఆ క్షేమం ఎందుకు? అప్పుడు పుస్తకం మొత్తం మళ్లీ టైపు చేయించి, మళ్లీ ప్రూఫులు చూసి, పాత తప్పులకు కొత్త తప్పులు జోడించుకోవాలి. రచయిత బతికి లేకపోతే ఆ సందేహాలు తీర్చేవాళ్లు కూడా ఉండరు.

అందుకే ప్రచురణకర్తలకు చెప్తుంటాను, ఒక్కో పుస్తకానికీ ఒక్కో ఫోల్డర్ పెట్టి అందులో అసలు పేజ్‌మేకర్ ఫైలు, అది ఏ వెర్షన్ అనులో కట్టారో రాసిన కాగితం లాంటి చిన్న టెక్స్ట్ ఫైలు, వాడిన ఫాంట్లు, ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్, కవర్ బొమ్మలు, యూనికోడ్‌లోకి మార్చి దిద్దిన పాఠం ఉంచమని. చివరిదానికి ఖర్చవుతుంది, మార్చే సాఫ్ట్‌వేర్లు వత్తులు, పొల్లుల దగ్గర తడబడతాయి కాబట్టి మనిషి చూడాల్సిందే. అయినా ఆ ఖర్చు పెట్టదగ్గది. ఆ పాఠంలో వెతకడానికి వీలుంటుంది, ఫోన్లో చదవడానికి, రేపు ఏ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా అందులోకి తీసుకెళ్లడానికి వీలుంటుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల సంగతి చాలామందికి తెలుసు. ఆ సైటు ఆగిపోయాక కూడా అవి మనకు దొరుకుతున్నాయంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మరో కాపీ ఉండబట్టే. దేశం స్థాయిలో పనికొచ్చిన జాగ్రత్త ఏలూరు రోడ్డు ప్రచురణకర్తకీ పనికొస్తుంది.

ఆ పాత ఫైళ్ల కోసమే కొన్ని సెంటర్లు ఇప్పటికీ ఒక విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంచుకున్నాయి. దానికి కొత్త నాస్ కనపడదు. కనపడేలా చేయడానికి డబ్బాలో ఎస్ఎంబీ మొదటి వెర్షన్ అనే పాత పద్ధతిని తెరవమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఒప్పుకోకండి. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ దారినే. మైక్రోసాఫ్ట్ దానికి మరమ్మతు విడుదల చేసి అప్పటికి రెండు నెలలైంది. పెట్టుకోని కంప్యూటర్లు తాళాలు పడి, డబ్బు కట్టమన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో సహా, ఆ దెబ్బ తిన్నాయి. ఎక్స్‌పీ కంప్యూటర్ను నెట్‌వర్క్‌కి బయటే ఉంచి, ఆ ఫైళ్లను మరో కంప్యూటర్లో పరీక్షించి ఎక్కించుకోండి. పెన్‌డ్రైవ్‌కి మిగిలే న్యాయమైన పని అదొక్కటే.

ఇంట్లో కూర్చుని ఆఫీసు ఫైళ్లు చూడాలన్న కోరిక సహజమే. దానికోసం రౌటర్లో దారి తెరిచి డబ్బాని నేరుగా ఇంటర్నెట్ ముందు నిలబెట్టొద్దు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దాడి అలా తెరిచి ఉంచిన క్యూనాప్ డబ్బాలను వెతికి వెతికి పట్టుకుంది. వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌తో లోపలికి వస్తే మీకు పని జరుగుతుంది, బయటివాళ్లకి డబ్బా కనపడదు. అప్‌డేట్లు వచ్చినప్పుడు వాయిదా వేయకండి.

ఇవన్నీ చేశాక నెలకోసారి ఒక పని పెట్టుకోవాలి. పేటల అవతల ఉన్న ఆ కాపీ తెప్పించి, రెండు నెలల కిందటి ఫైలు ఒకటి ఎంచుకుని, ఎప్పుడూ వాడని కంప్యూటర్లో తెరవాలి. ఫోటో అయితే పూర్తిగా పెద్దది చేసి చూడాలి, పుస్తకమైతే వత్తులు వాటి స్థానాల్లో ఉన్నాయో లేదో నాలుగు పేజీలు చదవాలి. ఈ పని యజమాని కాకుండా ఆఫీసులో అందరికన్నా చిన్నవాళ్ల చేత చేయించడం నాకిష్టం. వాళ్లకి చేతనైతే ఆపదలో ఎవరికైనా చేతనవుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా యజమాని ఒక్కడి బుర్రలో ఉండకూడదు, కవర్లో పెట్టి అంటించి ఇంట్లోవాళ్లకి ఇవ్వాలి. ఫైలు తెరుచుకున్న తేదీ, తెరిచినవాళ్ల సంతకం ఒక నోటుపుస్తకంలో పడాలి. తెరుచుకోకపోతే ఆ వారమే బాగుచేయించుకోవాలి. జూలై పరీక్ష మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తప్పించకండి, బుడమేరుకి నీళ్లొచ్చే రోజులు ఆ తర్వాతే.